బర్ప్ సూట్ కమ్యూనిటీ ఎడిషన్ రివ్యూ: లాగిన్ రిక్వెస్ట్‌ని గేట్ కాడనే ఆపి చూసినంక

ఆరు నెలల సంది దాదాపు రోజూ వాడుతున్న, అందుకే ధైర్యంగ రాస్తున్న. ఇది బర్ప్ సూట్ కమ్యూనిటీ ఎడిషన్ గురించి, బ్రౌజర్‌కి సర్వర్‌కి మధ్యల ప్రాక్సీ లెక్క నిలబడి, పోయే రిక్వెస్ట్‌ని ఆపి చూపించే టూల్. కమ్యూనిటీ ఎడిషన్ అంటే పైసలు కట్టకుండ డౌన్‌లోడ్ చేస్కునేది, ఇంగ్లండ్ కంపెనీ పోర్ట్‌స్విగ్గర్ వాళ్లు తయారు చేస్తరు. ఐదుకి నాలుగు ఇస్తున్న, ఆ ఒక్కటి ఎందుకు తగ్గించిన్నో కింద చెప్త. సెక్యూరిటీ టెస్టింగ్‌ల ఉన్నోళ్లకి ఇది కొత్త కాదు, వాళ్ల కోసం రాస్తలేను. నా లెక్కనే జావాల వెబ్ అప్లికేషన్లు రాసుకుంట, లాగిన్ పేజీ అంటే రెండు బాక్సులు ఒక బటన్ అంతే కదా అనుకునే డెవలపర్ల కోసం ఇది.

మా ఆఫీసు ఎస్ఆర్ నగర్‌ల ఉంటది, అమీర్‌పేట మెట్రో దిగి నడుస్తే పది పదిహేను నిమిషాలు. చిన్న కంపెనీ, పన్నెండు మందిమి, కాలేజీలకి ఫీజు లెక్కల సాఫ్ట్‌వేర్ చేస్తం. అప్లికేషన్ పాతది, టామ్‌క్యాట్ అనే జావా సర్వర్ మీద నడుస్తది, లాగిన్ ఎట్ల పెట్టిన్రంటే వెబ్ డాట్ ఎక్స్ఎంఎల్ అనే సెట్టింగ్స్ ఫైల్‌ల లాగిన్ కాన్ఫిగ్ అని రాసి, పద్ధతి ఫామ్ అని ఇచ్చి, లాగిన్ పేజీ ఏదో ఎర్రర్ పేజీ ఏదో చెప్పి వదిలేసిన్రు. తెల్వనోళ్లకి ఒక్క ముక్కల చెప్త. ఈ పద్ధతిల మనం లాగిన్ కోడ్ రాసేది ఏం ఉండదు. ఫామ్‌ల యాక్షన్ జె_సెక్యూరిటీ_చెక్ అని ఉండాలె, యూజర్ పేరు బాక్స్ పేరు జె_యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ బాక్స్ పేరు జె_పాస్‌వర్డ్, ఈ మూడు పేర్లు సర్వ్‌లెట్ స్పెసిఫికేషన్‌లనే (జావా వెబ్ అప్లికేషన్ల రూల్ బుక్) ఫిక్స్ చేసిన్రు, ఒక్క అక్షరం మార్చినా పనిచెయ్యదు. మిగిలింది అంతా టామ్‌క్యాటే చూస్కుంటది. అందుకే ఏండ్ల తరబడి మాల ఎవ్వరం దాని జోలికి పోలే.

మొన్న ఎండాకాలంల ఒక కాలేజీ అకౌంట్స్ వాళ్లు అడిగిన్రు, ఎవరు ఎప్పుడు లాగిన్ అయిన్రో మాకు లిస్ట్ కావాలె, పాస్‌వర్డ్ తప్పు కొట్టినోళ్లది కూడా కావాలె అని. శుక్రవారం లోపల ఇయ్యాలన్నరు. నేను నెట్‌ల వెతికితే ఒక జవాబు దొరికింది, జె_సెక్యూరిటీ_చెక్ అనే అడ్రస్‌కి ఒక ఫిల్టర్ (అప్లికేషన్‌కి వచ్చే రిక్వెస్ట్‌ని ముందుగాల పట్టుకుని చూసే కోడ్) మ్యాప్ చెయ్, లాగిన్ రిక్వెస్ట్ వచ్చినప్పుడు అది పట్టుకుంటది అని. ఆలోచిస్తే సరిగ్గనే ఉన్నది కదా. ఫిల్టర్ రాసిన, డూ ఫిల్టర్‌ల మొదటి లైన్లనే లాగ్ పెట్టిన, డిప్లాయ్ చేసిన, లాగిన్ అయిన, లాగ్‌ల ఏం లేదు. మ్యాపింగ్ తప్పేమో అని మార్చిన, టామ్‌క్యాట్ ఆపి వర్క్ ఫోల్డర్ మొత్తం తీసేసి మళ్లీ స్టార్ట్ చేసిన, అయినా లాగ్‌ల ఏం లేదు. మిగతా అన్ని పేజీలకి అదే ఫిల్టర్ పనిచేస్తది, ఒక్క లాగిన్‌కి మాత్రం పలుకదు. రెండు రోజులు పోయినయ్, మస్తు పరేషాన్ అయిన.

మా టీమ్‌ల ఒక సీనియర్ అక్క ఉన్నది, ఆమె వచ్చి స్క్రీన్ చూసి ఒక్కటే అడిగింది, "తమ్మీ, ఆ రిక్వెస్ట్ పోయేది నువ్వు ఎన్నడన్న కండ్ల చూసినవా?" అని. బ్రౌజర్‌ల నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి చూపిద్దామంటే లాగిన్ కాంగనే పేజీ మారుతది, అందులున్నది అంతా తుడిచిపెట్టుకపోతది. ప్రిజర్వ్ లాగ్ అని ఒక టిక్కు ఉంటది అది పెడితే ఆగుతది, కానీ అప్పటికి నాకది తెల్వదు. "అది కాదు, దీన్ని మధ్యల ఆపి చూడాలె" అని బర్ప్ డౌన్‌లోడ్ పెట్టి చాయ్ తాగుదాం రా అని కిందికి తోల్కపోయింది.

ఇన్‌స్టాల్ చేసినంక మొదటి దెబ్బ అక్కడనే. బర్ప్ డిఫాల్ట్‌గ 127.0.0.1ల 8080 పోర్ట్ మీద కూర్చుంటది. టామ్‌క్యాట్ డిఫాల్ట్ పోర్ట్ కూడా 8080. నా ఉబుంటు లాప్‌టాప్‌ల టామ్‌క్యాట్ ముందే నడుస్తున్నది కాబట్టి బర్ప్ లిజనర్ స్టార్ట్ కాలే, పోర్ట్ వేరేటోళ్లు వాడుతున్నరని మెసేజ్ ఇచ్చింది. జావా డెవలపర్లు అందరికీ ఇది తగులుతది, భయపడకుర్రి, ప్రాక్సీ సెట్టింగ్స్‌ల పోయి 8081 చేస్తే అయిపోతది. బయటి ఫైర్‌ఫాక్స్ వాడుదామనుకుంటే ఇంకొక చిక్కు, మీ అప్లికేషన్ లోకల్‌హోస్ట్‌ల ఉంటే ఫైర్‌ఫాక్స్ ఆ ట్రాఫిక్‌ని ప్రాక్సీకి పంపదు, అబౌట్ కాన్ఫిగ్‌ల పోయి లోకల్‌హోస్ట్ హైజాకింగ్ అని వెతికితే ఒక సెట్టింగ్ వస్తది దాన్ని ట్రూ చెయ్యాలె. ఇదంతా ఎందుకనుకుంటే బర్ప్‌లనే ఓపెన్ బ్రౌజర్ అని బటన్ ఉన్నది, క్రోమియం లోపలనే వస్తది, సర్టిఫికెట్ పని కూడా లేదు, దాన్నే వాడుర్రి. నాకు ఈ ప్రొడక్ట్‌ల అన్నిటికంటే నచ్చింది ఈ బటనే అని చెప్పొచ్చు, కొత్తోళ్లకి సగం తలనొప్పి అక్కడనే పోతది.

ఇగ అసలు సంగతి. ఇంటర్‌సెప్ట్ ఆన్ చేసి, యూజర్ పేరు పాస్‌వర్డ్ కొట్టి, లాగిన్ నొక్కిన. బ్రౌజర్ల చక్రం తిరుగుకుంట ఆగిపోయింది. బర్ప్‌ల ఆ రిక్వెస్ట్ వచ్చి నిలబడ్డది. పైన మొదటి లైన్ల పోస్ట్ అని (అంటే కొట్టిన వివరాలు అడ్రస్‌ల కాకుండ రిక్వెస్ట్ లోపల పోతయ్), పక్కన మా అప్లికేషన్ పేరు తర్వాత జె_సెక్యూరిటీ_చెక్ అని. కింద హోస్ట్, దాని కింద కుకీ, అందుల జెసెషన్ఐడి (మన సెషన్ గుర్తు) ఇంత పొడుగు. కంటెంట్ టైప్ ఫామ్ యూఆర్ఎల్ ఎన్‌కోడెడ్ అని. ఆ తర్వాత ఒక ఖాళీ లైన్, దాని కింద ఒకే ఒక్క లైన్ల నేను కొట్టిన పేరు, నేను కొట్టిన పాస్‌వర్డ్. టెస్ట్ పాస్‌వర్డ్‌ల ఎట్ సింబల్ ఉండె, అక్కడ ఎట్ లేదు, పర్సెంట్ గుర్తు పెట్టి 40 అని ఉన్నది. ఆ 40 ని సెలెక్ట్ చేస్తే పక్కన ఇన్‌స్పెక్టర్ ప్యానెల్‌ల దాన్ని విప్పి ఎట్ అని చూపించింది. ఎనిమిదేండ్ల సంది లాగిన్ పేజీలు చేస్తున్న, ఫామ్‌ల నుంచి బయటికి పోయే ఆ ఒక్క లైన్‌ని నేను అట్ల ఎప్పుడూ చూడలే. నిజంగ చెప్తున్న, ఆ నిమిషం నాకు ఒళ్లు జలదరించింది.

పక్కన టామ్‌క్యాట్ లాగ్ తెరిచి పెట్టుకుని ఫార్వర్డ్ నొక్కిన. రిక్వెస్ట్ పోయింది, 303 అని, అంటే వేరే పేజీకి పో అని జవాబు వచ్చింది, ఫిల్టర్ లాగ్‌ల ఏం లేదు. ఆ వెంటనే బ్రౌజర్ ఇంకో రిక్వెస్ట్ తీసింది, ఈసారి గెట్, అంటే పేజీ ఇయ్యి అని అడిగేది, నేను మొదట్ల అడిగిన రిపోర్ట్ పేజీకి. అది కూడా ఆగింది. ఫార్వర్డ్ నొక్కిన. అప్పుడు పలికింది నా ఫిల్టర్. గెట్ రిమోట్ యూజర్‌ల (లాగిన్ అయినోళ్ల పేరు చెప్పే మెథడ్) పేరు అప్పటికే వచ్చి కూర్చున్నది.

అక్క అప్పుడు చెప్పింది, "మీ అపార్ట్‌మెంట్‌ల కింద గేట్ కాడ వాచ్‌మన్ ఉంటడు కదా, డెలివరీ అబ్బాయి వస్తే రిజిస్టర్ రాపిచ్చి పైకి పంపిస్తడు. నువ్వేమో నాలుగో అంతస్తుల నీ ఫ్లాట్ తలుపు కాడ నిలబడి రిజిస్టర్ ఎప్పుడు రాస్తడా అని చూస్తున్నవ్. రిజిస్టర్ గేట్ కాడనే అయిపోయింది." అంతే, సమజ్ అయిపోయింది. టామ్‌క్యాట్‌ల ఫామ్ ఆథెంటికేటర్ అనేది ఒక వాల్వ్, వాల్వ్‌లంటే అప్లికేషన్ కంటే ముందు రిక్వెస్ట్‌ని చూసే ముక్కలు, అవి కంటైనర్ (అంటే టామ్‌క్యాట్) పైప్‌లైన్‌ల ఉంటయ్, ఫిల్టర్లు అప్లికేషన్ లోపల ఉంటయ్. జె_సెక్యూరిటీ_చెక్‌కి వచ్చిన రిక్వెస్ట్‌ని ఆ వాల్వే చూసి, రియల్మ్‌ని (యూజర్ పేర్లు పాస్‌వర్డ్లు సరిచూసే భాగం) అడిగి పాస్‌వర్డ్ సరిచూసి, జవాబు రాసి అక్కడి నుంచే తిప్పి పంపేస్తది. ఫిల్టర్ల దాక అది రానే రాదు. నేను నెట్‌ల చదివిన జవాబు అబద్ధం కాదు, అది ఐబీఎం వెబ్‌స్ఫియర్ వాడేటోళ్లకి రాసింది, అందుల ఆ అడ్రస్‌కి ఫిల్టర్ పెట్టుకోవచ్చని వాళ్ల డాక్యుమెంట్లల్లనే ఉన్నది. సర్వర్ మారితే సంగతి మారుతది, ఆ ముక్క ఆ జవాబుల లేదు, నేనూ అడగలే.

పని ఎట్ల అయ్యిందంటే, లాగిన్ సక్సెస్ అయినోళ్ల కోసం ఒక ఫిల్టర్‌ల గెట్ రిమోట్ యూజర్ వచ్చిందా, సెషన్‌ల మా గుర్తు ఉన్నదా లేదా చూసి, లేకపోతే టైమ్ రాసుకుని గుర్తు పెట్టేసిన. తప్పు పాస్‌వర్డ్ కొట్టినోళ్లది అట్ల దొరకదు కాబట్టి ఒక చిన్న వాల్వ్ రాసి కాంటెక్స్ట్ ఫైల్‌ల (మా ఒక్క అప్లికేషన్‌కి టామ్‌క్యాట్ సెట్టింగ్స్) పెట్టిన, అది ఆథెంటికేటర్ కంటే ముందు నిలబడుతది, జె_యూజర్‌నేమ్ చదువుకుని టైమ్‌తో రాసుకుంటది. పాస్‌వర్డ్ జోలికి మాత్రం పోవద్దు, టెస్టింగ్‌కే కదా అని అన్ని పారామీటర్లు లాగ్‌ల ప్రింట్ చేస్తరు చూడుర్రి, అది అట్లనే ప్రొడక్షన్‌కి పోతది. కొత్తగ మొదలుపెట్టే ప్రాజెక్ట్ అయితే ఇంత అవసరం లేదు. సర్వ్‌లెట్ 3.0 నుంచి రిక్వెస్ట్ మీదనే లాగిన్ అనే మెథడ్ ఉన్నది, మన సొంత సర్వ్‌లెట్‌ల నుంచి దాన్ని పిలిస్తే మొత్తం మన చేతులనే ఉంటది, కాకపోతే మొదట అడిగిన పేజీకి తిరిగి పంపే పని మనమే చేస్కోవాలె. స్ప్రింగ్ సెక్యూరిటీల అయితే లాగిన్ అంతా ఫిల్టర్ల తోటే జరుగుతది, సక్సెస్ హ్యాండ్లర్ ఫెయిల్యూర్ హ్యాండ్లర్ పెట్టుకోవచ్చు, ఈ బాధ ఉండదు.

శుక్రవారం పని ఇచ్చేసిన. కానీ బర్ప్‌ని అన్‌ఇన్‌స్టాల్ చెయ్యలే, ఎందుకంటే ఆ వారంలనే ఇంకొకటి బయటపడ్డది, అది చెప్పకపోతే ఈ రివ్యూకి అర్థం లేదు.

మా అప్లికేషన్‌ల ఫోన్ల కోసం ఒక వేరే లాగిన్ పేజీ ఉన్నది, ఎవరో పాతాయన చేసి పోయిండు. దాన్ని ఊరికెనే బర్ప్ లోంచి తెరిచి లాగిన్ అయి హెచ్‌టీటీపీ హిస్టరీ చూస్తున్న. మొదటి లైన్ల పోస్ట్ ఉండాల్సిన కాడ గెట్ ఉన్నది. ఆ పక్కన అడ్రస్‌ల, క్వశ్చన్ మార్క్ తర్వాత, జె_యూజర్‌నేమ్ ఈక్వల్స్ ఫలానా, జె_పాస్‌వర్డ్ ఈక్వల్స్ ఫలానా. పాస్‌వర్డ్ అడ్రస్ బార్ల పోతున్నది. పోయి జేఎస్‌పీ చూస్తే ఫామ్ ట్యాగ్‌ల మెథడ్ రాయనేలే, హెచ్‌టీఎంఎల్‌ల మెథడ్ రాయకపోతే అది గెట్టే. స్పెసిఫికేషన్ పోస్ట్ ఉండాలంటది, టామ్‌క్యాట్ మాత్రం గెట్‌ని కూడా ఒప్పుకుంటది, అందుకే ఎవ్వరికీ ఏం తేడా కనపడలే, లాగిన్ మంచిగనే అయితున్నది. నాకు గుండెల రాయి పడ్డది. సర్వర్ యాక్సెస్ లాగ్ తెరిచిన, అందుల రిక్వెస్ట్ లైన్ మొత్తం రాస్తది కదా, ఎన్ని నెలల సందో ఫోన్ల నుంచి లాగిన్ అయిన కాలేజీ స్టాఫ్ పాస్‌వర్డ్లు వరుసగ ఉన్నయ్. హెచ్‌టీటీపీఎస్ ఉన్నా ఇక్కడ ఏం లాభం లేదు, దారిల ఎవరూ చూడకపోవచ్చు, కానీ సర్వర్ మీద ఫైల్‌ల అట్లనే పడి ఉన్నయ్, ఫోన్ బ్రౌజర్ హిస్టరీల కూడా. ఆ రాత్రి తొమ్మిదింటి దాక కూర్చుని ఫామ్ సరిచేసి, లాగ్‌లు తీసేసి, బ్యాకప్‌లల్ల ఉన్నయి కూడా తీయించి, అందరి పాస్‌వర్డ్లు మార్పించినం. క్లయింట్‌కి కూడా జరిగింది జరిగినట్టు చెప్పినం. ఒక్క పదం, మెథడ్ ఈక్వల్స్ పోస్ట్ అని రాయకపోతే ఇంత. కోడ్ చదివితే కనపడలే, టెస్టింగ్ టీమ్‌కి కనపడలే, రిక్వెస్ట్‌ని ఆపి చూస్తే మొదటి లైన్లనే కనపడ్డది.

రిపీటర్ గురించి కూడా చెప్పాలె. ఏదన్న రిక్వెస్ట్ మీద కంట్రోల్ ఆర్ కొడితే అది రిపీటర్‌కి పోతది, అక్కడ మార్చుకుంట ఎన్నిసార్లైన పంపొచ్చు. టామ్‌క్యాట్‌ల లాకౌట్ రియల్మ్ అని ఒకటి ఉన్నది, ఐదుసార్లు తప్పు కొడితే 300 సెకండ్లు ఆ యూజర్‌ని ఆపేస్తది, డిఫాల్ట్ అంతే. మా దాంట్ల అది ఉన్నదనే అందరం అనుకుంటున్నం, ఎందుకంటే సర్వర్ డాట్ ఎక్స్ఎంఎల్‌ల (మొత్తం టామ్‌క్యాట్ సెట్టింగ్స్ ఫైల్) కనపడుతది. రిపీటర్‌ల తప్పు పాస్‌వర్డ్ పెట్టి సెండ్ సెండ్ సెండ్ అని ఇరవైసార్లు కొట్టిన, ఆ తర్వాత సరైన పాస్‌వర్డ్ పెట్టిన, లాగిన్ అయ్యింది. లాక్ కాలే. ఎందుకంటే మా అప్లికేషన్ సొంత రియల్మ్‌ని కాంటెక్స్ట్ ఫైల్‌ల పెట్టుకున్నది, లోపల రియల్మ్ పెడితే పైన సర్వర్ ఫైల్‌ల ఉన్నది ఆ అప్లికేషన్‌కి వర్తించదు. మాది తీస్కపోయి లాకౌట్ రియల్మ్ లోపల పెట్టినంక మళ్లీ అదే రిపీటర్‌ల చూసిన, ఐదు తప్పుల తర్వాత ఆరోసారి సరైన పాస్‌వర్డ్ కొట్టినా ఎర్రర్ పేజీనే వచ్చింది. ఉన్నదని నమ్ముకున్న తాళం అసలు వేసే లేదని రిపీటర్ల ఇరవై నొక్కులకి తేలింది.

ఇంకొకటి చిన్నది. కాలేజీ వాళ్లు పొద్దున లాగిన్ పేజీ తెరిచి పెట్టుకుని, వేరే పనుల పడి, చాన సేపటికి వచ్చి పాస్‌వర్డ్ కొడితే 408 ఎర్రర్ వస్తున్నదని ఎప్పటి సందో కంప్లైంట్. నెట్ స్లో ఏమో అని చెప్పుకుంట వచ్చినం. కాదు. లాగిన్ పేజీ ఇచ్చినప్పుడే టామ్‌క్యాట్ మొదట అడిగిన పేజీని సెషన్‌ల దాచిపెట్టుకుంటది, ఆ సెషన్ టైమ్ అయిపోతే పాస్‌వర్డ్ సరైనదే అయినా ఎక్కడికి పంపాల్నో దానికి తెల్వదు. బర్ప్‌ల ఆ రిక్వెస్ట్ లోంచి కుకీ లైన్ తీసేసి పంపితే అదే 408 కండ్ల ముందట వచ్చింది. ల్యాండింగ్ పేజ్ అనే సెట్టింగ్ ఒకటి ఆథెంటికేటర్ మీద ఇస్తే ఆ కంప్లైంట్ ఆగిపోయింది.

మా ఆఫీసుల జూనియర్ పిల్లలకి ఇది చూపిస్తే అందరూ ఒకటే అడుగుతరు, హెచ్‌టీటీపీఎస్ ఉన్నది కదా అన్నా, మరి పాస్‌వర్డ్ ఎట్ల కనపడుతుంది అని. మంచి ప్రశ్న. బ్రౌజర్ మాట్లాడేది బర్ప్ తోటి, బర్ప్ మాట్లాడేది సర్వర్ తోటి, రెండు వేరే వేరే కనెక్షన్లు. మధ్యల బర్ప్ తన సొంత సర్టిఫికెట్ చూపిస్తది, మన బ్రౌజర్‌ల దాన్ని నమ్ము అని మనమే పెట్టినం (బర్ప్ లోపలి బ్రౌజర్‌ల అయితే ముందే పెట్టి ఉంటది) కాబట్టి బ్రౌజర్ ఊకుంటది. బయటోడు ఎవడో మధ్యల దూరి ఇట్ల చేస్తే బ్రౌజర్ ఎర్రగ వార్నింగ్ ఇస్తది, అందుకే సర్టిఫికెట్ వార్నింగ్ వస్తే అడ్వాన్స్‌డ్ నొక్కి ముందుకి పోవద్దని ఇంట్ల అందరికీ చెప్పేది. ఈ ఒక్క ముక్క సమజ్ కావడానికి నేను ఎన్నో వీడియోలు చూసిన, బర్ప్‌ల పది నిమిషాలు కూర్చుంటే వచ్చేసింది.

ఇగ ఆ తగ్గించిన ఒక్క మార్కు. కమ్యూనిటీ ఎడిషన్‌ల ప్రాజెక్ట్ సేవ్ కాదు, టెంపరరీ ప్రాజెక్ట్ తప్ప ఇంకో దారి లేదు. ఒకరోజు సాయంత్రం వాన పడి మా లైన్‌ల కరెంట్ పోయింది, లాప్‌టాప్ బ్యాటరీ కూడా అంతంత మాత్రమే, పొద్దటి సంది పట్టిన హిస్టరీ మొత్తం పోయింది, అందుల ఒక రిక్వెస్ట్ మళ్లీ తెప్పియ్యడానికి గంట పట్టింది. అప్పటి సంది ముఖ్యమైనది కనపడంగనే కాపీ చేసి టెక్స్ట్ ఫైల్‌ల పెట్టుకుంటున్న, మీరు కూడా అట్లనే చెయ్యుర్రి. ఇంట్రూడర్ అని ఉన్నది, ఒకే రిక్వెస్ట్‌ని చాన రకాలుగ మార్చి పంపేది, ఫ్రీ దాంట్ల దాన్ని కావాలనే నెమ్మది చేసి పెట్టిన్రు, రెండు మూడు వందలు పంపాల్నంటే సహనం కావాలె. లోపాలని తనంతట తానే వెతికే స్కానర్ అసలే లేదు. ప్రొఫెషనల్ ఎడిషన్‌ల ఇవన్నీ ఉంటయ్ కానీ ఏడాదికి 400 డాలర్ల పైన, మా అసొంటి చిన్న ఆఫీసుకి నా ఒక్కడి కోసం అడిగేటంత పని నాకు లేదు, లాగిన్ చూస్కోవడానికి అయితే అస్సలు అవసరం లేదు. 8 జీబీ ర్యామ్ లాప్‌టాప్‌ల టామ్‌క్యాట్, ఎక్లిప్స్, బర్ప్ మూడు కలిపి నడిపితే ఫ్యాన్ శబ్దం పక్క సీటుకి వినపడుతది, 16 ఉంటే హాయి.

జాప్ అని ఇట్లాంటిదే ఇంకో టూల్ కూడా నెల రోజులు వాడిన, పక్కన పెట్టి చెప్పాలె కదా. అది 2010 నుంచి ఉన్నది, పూర్తి ఓపెన్ సోర్స్, మొదట్ల ఓవాస్ప్ అనే వెబ్ సెక్యూరిటీ సంస్థ కింద ఉండె, 2024 సంది చెక్‌మార్క్స్ అనే సెక్యూరిటీ కంపెనీ వాళ్ల తోడు ఉన్నది. సెషన్ సేవ్ చేస్కోవచ్చు, స్కానర్ ఫ్రీ, ఏం తగ్గించి పెట్టలే. పైసలు కట్టలేని స్టూడెంట్లు, రోజూ స్కాన్ చెయ్యాల్సినోళ్లు జాప్ తీస్కోవుర్రి, తప్పు లేదు. దాని డిఫాల్ట్ పోర్ట్ కూడా 8080, గుర్తుంచుకోర్రి. కానీ ఒక్క రిక్వెస్ట్‌ని ఆపి, నింపాదిగ చదివి, ఒక్క అక్షరం మార్చి, ముందుకి తోలి చూసే పనికి నా చేతికి బర్ప్ ఎక్కువ అలవాటయ్యింది, స్క్రీన్ మీద గజిబిజి తక్కువ. ఉత్తగ చూస్తే చాలు, ఆపే పని లేదంటే బ్రౌజర్ నెట్‌వర్క్ ట్యాబ్‌ల ప్రిజర్వ్ లాగ్ టిక్కు పెట్టుకుర్రి, చాన వరకు దాంట్లనే అయిపోతది.

ఒకటి గట్టిగ చెప్తున్న, దీన్ని మీ సొంత అప్లికేషన్ మీద, లేకపోతే రాతపూర్వకంగ పర్మిషన్ ఇచ్చినోళ్ల అప్లికేషన్ మీద మాత్రమే వాడుర్రి. అమీర్‌పేటల కోర్సు చేసే పిల్లలు కొందరు ఉత్సాహంల ఏదో కాలేజీ సైట్ మీద, ఏదో షాపింగ్ సైట్ మీద పెట్టి చూస్తున్నమని చెప్తరు, వద్దు. పర్మిషన్ లేకుండ ఇంకొకరి సిస్టమ్ల దూరితే ఐటీ చట్టం 2000ల సెక్షన్ 66 కింద మూడేండ్ల దాక జైలు, ఐదు లక్షల దాక జరిమానా పడొచ్చు, ఉద్యోగం వచ్చే వయసుల అది నెత్తికి చుట్టుకుంటే అమ్మానాన్నలు ఏం కావాలె. ప్రాక్టీస్‌కి పోర్ట్‌స్విగ్గర్ వాళ్లదే వెబ్ సెక్యూరిటీ అకాడమీ ఉన్నది, పైసా కట్టే పని లేదు, లాగిన్ మీదనే బోలెడు ల్యాబ్‌లు ఉన్నయ్. ఓవాస్ప్ వాళ్ల వెబ్‌గోట్‌ని, అంటే నేర్చుకునేటోళ్ల కోసం కావాలనే లోపాలు పెట్టి చేసిన అప్లికేషన్‌ని, మీ లాప్‌టాప్‌లనే నడుపుకోవచ్చు. అన్నీ ఇంగ్లిష్‌లనే ఉన్నయ్, తెలుగుల ఇంత వివరంగ ఏదన్న ఉంటే మా జూనియర్లకి ఎంత మేలో అని ప్రతిసారి అనిపిస్తది.

వాడేటోళ్లకి చివరికి రెండు ముక్కలు. పని కాంగనే ఇంటర్‌సెప్ట్ ఆఫ్ చెయ్యుర్రి, ఆన్‌ల మర్చిపోతే ఆ బ్రౌజర్‌ల ఏ పేజీ తెరుసుకోదు, నెట్ పోయిందని రూటర్ చుట్టూ తిరుగుతరు. బయటి ఫైర్‌ఫాక్స్‌ల బర్ప్ సర్టిఫికెట్ పెట్టుకున్నోళ్లు మాత్రం టెస్టింగ్‌కి వేరే ప్రొఫైల్ చేస్కుని దాంట్లనే పెట్టుర్రి, బ్యాంక్ పనులు చేసే ప్రొఫైల్‌ల వద్దు, ఇప్పటికే పెట్టి ఉంటే ఇయ్యాలనే సెట్టింగ్స్‌ల సర్టిఫికెట్ల కాడికి పోయి తీసెయ్యుర్రి.